మూడో తాళం చెవి

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచినవారు లేరు. పెద్దలకు అతడు తాళాలవాడు, పిల్లలకు తాళాల బాబాయి, కోపం వచ్చినప్పుడు భార్యకు మాత్రం తుప్పు తాళం. వీధి మలుపులో, సైకిళ్ళ దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య మిగిలిపోయిన సందులో అతని కొట్టు ఉండేది. ఒకరు కూర్చుంటే మరొకరు నిలబడవలసినంత ఇరుకైన చోటు. ముందు ఒక బల్ల, బల్ల మీద ఆకురాళ్ళు, ఇనుప రజను. వెనుక గోడకు ఒక చెక్క పలక, దానికి మేకులు, ప్రతి మేకుకూ నమూనా కోసం వేలాడదీసిన తాళం చెవి. గాలి తగిలినప్పుడల్లా ఆ పలక గలగలమనేది.

అతని పనికి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఇంటివారు పక్కన నిలబడి, తమ తలుపు మీద తామే చెయ్యి వేస్తే తప్ప అతడు పరాయి తాళాన్ని ముట్టేవాడు కాడు. ఇక, ఎవరైనా ఉన్న చెవికి జత చేయించుకోవడానికి వస్తే, దాని అచ్చును సబ్బుబిళ్ళ మీద తీసి, పని పూర్తయ్యాక ఆ బిళ్ళను వారి చేతికే ఇచ్చేవాడు.

"మీరే నలిపెయ్యండి."

"నీ మీద నమ్మకం లేకనా బాబాయ్?" అని నవ్వేవారు వాళ్ళు.

"నమ్మకం మీది, చెయ్యి నాది. రేపు ఏదైనా పోతే ముందు చెయ్యినే అంటారు. నలపండి."

ఆడవాళ్ళు ఆ సబ్బును నలిపి, అక్కడే కుళాయి కింద చేతులు కడుక్కుని, "ఈయన దగ్గర చెవి చేయిస్తే స్నానం సగం అయిపోయినట్టే" అని వేళాకోళమాడేవారు. ఎన్నో ఇళ్ళ తాళాలు తీయగల చేతులు ఉండి కూడా ఒక్క మాట పడకుండా అతడు నడివయసు దాటాడు. అతడు కూడబెట్టుకున్న ఆస్తి అదే. దాన్ని దాచుకోవడానికి వేరే తాళం అక్కరలేదని అతడు అనుకునేవాడు.

అతనికి ఒక్కతే కూతురు. బడి చదువు మంచి మార్కులతో ముగించింది. కాలేజీ మాట ఎత్తినప్పుడల్లా తండ్రి ఆకురాయి తీసి ఏదో ఒక చెవిని అరగదీస్తూ కూర్చునేవాడు. తల్లి కుట్టుమిషను చక్రం గట్టిగా తిప్పేది. అటువంటి రోజుల్లో పోలీసు స్టేషను గోడ మీద ఒక ప్రకటన వెలిసింది. స్టేషను పరిధిలో నివసించే పేద కుటుంబాల పిల్లలకు, పోలీసు సంక్షేమ నిధి నుండి కాలేజీ చదువుకు సాయం చేస్తారని దాని సారాంశం.

వీధి ఈ వార్తను నవ్వుతూనే అందుకున్నది. సైకిళ్ళ దుకాణదారు బల్ల మీదికి వంగి, "అదంతా మన దగ్గర గుంజిన జరిమానాలే కదయ్యా! నా సైకిళ్ళు రోడ్డు మీద పెట్టానని ఏటేటా పట్టుకుపోయింది ఇప్పుడు నీ కూతురి పుస్తకాలై తిరిగొస్తుంది. లెక్క ప్రకారం దాన్ని చదివించే మేనమామని నేనే. పెళ్ళికి పిలవడం మర్చిపోకు" అన్నాడు.

ఈ సాయం పుచ్చుకోవచ్చునా కూడదా అన్న సందేహం మాత్రం తాళాలాయన మనసులో ఉండిపోయింది. దాన్ని తీర్చినవాడు ఎదురింటి అన్న. అన్న మిల్లులో కరెంటు పని చేసేవాడు, కార్మిక సంఘానికి కార్యదర్శి. రక్తసంబంధం లేకపోయినా వీధి మొత్తానికి అతడు అన్నే, అతని భార్య వదినే.

"తీసుకో తమ్ముడూ, ఇందులో మొహమాటం ఏమిటి? అదేమన్నా వాళ్ళ తాతలు సంపాదించిందా? జనం సొమ్ము, జనం పిల్ల" అని, ఆ అమ్మాయిని పిలిచి, దరఖాస్తు తానే దగ్గరుండి నింపించాడు.

ఆ దరఖాస్తులో చివరి షరతును అమ్మాయి పైకి చదివింది. కుటుంబ సభ్యుల సత్ప్రవర్తనను స్టేషను వారు ఏటా ధ్రువీకరిస్తేనే మరుసటి ఏటి సాయం అందుతుంది.

"మీ నాన్నకి ఊళ్ళోవాళ్ళ చేత సబ్బు నలిపించడం తప్ప వేరే దురలవాటు లేదు. రాసెయ్యమ్మా" అన్నది తల్లి. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు.

అమ్మాయి ఎంపికైంది. కాలేజీలో చేరింది. ఎంపికైన పిల్లల ఫొటోలను స్టేషను ముందు అద్దాల పలకలో పెట్టారు. తాళాలాయన ఏ పని మీద అటు వెళ్ళినా ఆ అద్దం ముందు ఒక్క క్షణం ఆగి, తన నీడ పడకుండా పక్కకు జరిగి, కూతుర్ని చూసుకుని వెళ్ళేవాడు.

ఆ తరువాత స్టేషను హెడ్డు కానిస్టేబులు అతని కొట్టుకు రావడం మొదలుపెట్టాడు. మొదట దారిన పోతూ పలకరింపు, తరువాత సైకిళ్ళ దుకాణం నుంచి స్టూలు లాక్కుని కూర్చోవడం, టీ తెప్పించుకోవడం. "ఏమోయ్, మన పిల్ల ఎలా చదువుతోంది?" అని అడిగేవాడు. ఆ "మన" అన్న మాట తాళాలాయనకు గొంతులో ముల్లులా దిగేది. అయినా, "మీ దయ సార్" అనేవాడు. ఆ సమాధానం విన్న సైకిళ్ళ దుకాణదారు తల వంచుకుని చక్రం బిగించుకునేవాడు.

ఇంతలో మిల్లులో సమ్మె మొదలైంది. అన్న పగలంతా మిల్లు గేటు దగ్గరే ఉండేవాడు. వదిన పుట్టింటికి వెళ్ళి ఉన్నది. ఒకనాటి మధ్యాహ్నం, ఎండకు వీధి తలుపులన్నీ మూసుకున్న వేళ, హెడ్డు కొట్టు ముందు నిలబడ్డాడు. ఈసారి స్టూలు అడగలేదు.

"సామాను పట్టుకుని రా. చిన్న పని."

వెళ్ళిన చోటు అన్న ఇల్లు. గుమ్మంలో మామూలు బట్టల్లో మరి ఇద్దరున్నారు. వారిలో ఒకడి చంకలో గుడ్డ సంచి ఉన్నది. బరువైన సంచి. వాడు దాన్ని పసిపిల్లను మోస్తున్నంత జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు. తాళాలాయన ఆ సంచిని చూశాడు, గొళ్ళేనికి వేలాడుతున్న తాళం కప్పను చూశాడు.

"ఇంటివాళ్ళు లేరు కదండీ" అన్నాడు.

"లేరు కాబట్టే నిన్ను పిలిచాం. తీసి, మేం బయటికొచ్చేదాకా ఉండి, మళ్ళీ వేసెయ్. ఎవడికీ తెలియకూడదు. తెలిసినా ఫరవాలేదు అనుకుంటే మాకు గునపం లేదా?"

"ఇంటివాళ్ళు పక్కన లేకుండా నేను ముట్టను సార్. మా పనిలో అది..."

హెడ్డు కోపగించుకోలేదు. అతని భుజం మీద స్నేహితుడిలా చెయ్యి వేశాడు.

"పిల్లకి రెండో ఏడు దగ్గర పడింది కదూ? ధ్రువపత్రం ఎస్సైగారి దాకా పోవాలంటే ముందు నా బల్ల మీదికి రావాలోయ్. కూర్చో. కూర్చుని పని చూడు."

తాళాలాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ కప్ప అతడు అమ్మినదే. కళ్ళు మూసుకుని తీయగలడు. సన్నని కొక్కేన్ని లోపలికి పంపి, మూడుసార్లు తిప్పినట్టు నటించి, నాలుగోసారి మణికట్టును పక్కకు విరిచాడు. కొక్కెం మొన టక్కుమని లోపలే విరిగింది.

"అయ్యో! లోపలంతా తుప్పు సార్, కొక్కెం ఇరిగిపోయింది. ఇక ఇది కోస్తే తప్ప రాదు."

"కోస్తే కనపడుతుంది కదరా!"

"కనపడుతుంది సార్."

సంచివాడు పక్కకు తిరిగి ఉమ్మేశాడు. హెడ్డు చాలాసేపు అతని చేతుల వంక చూశాడు. ఆ చేతులు వణుకుతున్నాయి. అవి భయంతో వణుకుతున్నాయో అబద్ధంతో వణుకుతున్నాయో పోల్చుకోవడం ఏ పోలీసుకైనా కష్టమే.

"సరే, పో. నోరు మూసుకుని ఉండు. అది కూడా సత్ప్రవర్తన కిందికే వస్తుంది" అన్నాడు హెడ్డు.

కొట్టుకు తిరిగి వస్తుంటే తాళాలాయనకు కాళ్ళు తేలికగా తోచాయి. పోలీసులను ఏమార్చాడు. అన్న ఇంటి తలుపు తెరవలేదు. కూతురి చదువుకూ దెబ్బ తగలలేదు. రెండు పక్కలా గెలిచానని అతడు అనుకున్నాడు. బతుకులో అతడు అంత తెలివైన పని చేసినట్టు అంతకు ముందు ఎన్నడూ అనుకుని ఉండలేదు.

సాయంత్రం అన్న అలసిపోయి వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు.

"తమ్ముడూ, మా తాళానికి ఏం రోగమొచ్చిందో, చెవి దూరనంటోంది. కాస్త వచ్చి చూడు."

తాళాలాయన రంపం పట్టుకుని వెళ్ళాడు. అన్న నవ్వుతూ తలుపు మీద చెయ్యి వేసి, "ఇదిగో, వేశాను. నీ చట్టం నీకు ఉండాలి కదా. కానివ్వు" అన్నాడు.

కప్ప కొమ్మును కోస్తున్నంత సేపూ మాట అతని నాలుక చివర ఆడుతూనే ఉన్నది. అన్నా, మధ్యాహ్నం వాళ్ళొచ్చారు, సంచితో వచ్చారు, మళ్ళీ వస్తారు. ఇంతే చెప్పాలి. చెబితే అన్న ఊరుకోడు. గేటు దగ్గర మైకులో చెబుతాడు. ఎవరు చెప్పారని ఎవరూ అడగనక్కరలేదు. అప్పుడే వీధి చివర కూతురు కనిపించింది. పుస్తకాలు గుండెకు హత్తుకుని, స్నేహితురాలితో ఏదో అని నవ్వుతూ వస్తున్నది. తాళాలాయన రంపాన్ని మరింత వేగంగా లాగాడు.

"తుప్పన్నా. లోపలంతా తుప్పు" అన్నాడు.

అంతటితో ఊరుకోలేకపోయాడు. కొట్టుకు పరుగెత్తి, ఉన్నవాటిలో గట్టి కప్పను తెచ్చి గొళ్ళేనికి తగిలించి, చెవులు అన్న చేతిలో పెట్టాడు.

"ఎంతివ్వాలి?"

"ఊరుకో అన్నా, నీ దగ్గర తీసుకుంటానా? పిల్ల దరఖాస్తు నింపిపెట్టిన చెయ్యి అది."

"సమ్మెలో ఉన్నవాడి మీద జాలిపడుతున్నావన్నమాట. సరే, పడు" అని అన్న అతని వీపు తట్టి లోపలికి వెళ్ళాడు.

ఆ కప్పను ఏ కొక్కెమూ కదిలించజాలదని తాళాలాయనకు తెలుసు. అందుచేత ఇక ప్రమాదం తీరిపోయిందని నమ్మాడు. జీవితమంతా తాళాలతో గడిపినవాడికి ప్రతి ఆపదా తాళం దగ్గరే ఆగిపోతుందని తోచడం సహజం. ఆ తొందరలో అతడు మరిచిన సంగతి మరొకటి ఉన్నది. ఆ రకం కప్పకు కంపెనీవారు మూడు చెవులు ఇస్తారు. అతడు అన్నకు ఇచ్చినవి రెండు. మూడోది నమూనా కోసం ఎప్పటినుంచో అతని పలక మీద, మేకుకు వేలాడుతున్నది.

వారం తిరగకుండానే పోలీసులు పట్టపగలు, సాక్షులతో సహా అన్న ఇంటికి వచ్చారు. అప్పటికి వదిన తిరిగి వచ్చింది. తలుపు బార్లా తీసే ఉన్నది. వాళ్ళు వంటగది చూడలేదు, పెట్టెలు తెరవలేదు. తిన్నగా నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, గుడ్డ సంచి ఒకటి దించారు. అందులో పెట్రోలు సీసాలు, కత్తులు ఉన్నాయి. మిల్లు గిడ్డంగిని తగలబెట్టడానికి దాచిన సరంజామా అని అక్కడే పంచనామా రాశారు. అన్నను చేతులు కట్టి వీధంతా నడిపించుకుపోయారు. తాళాలాయన కొట్టు ముందుకు వచ్చినప్పుడు అన్న తల తిప్పి అతన్ని చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. "వదిన్ని చూసుకో తమ్ముడూ" అని మాత్రం అన్నాడు.

నాయకుడు పోవడంతో సమ్మె చెదిరిపోయింది. సంచి అటక మీదికి ఎలా చేరిందన్న ప్రశ్న మాత్రం వీధిలో చెదరలేదు. తలుపు విరగలేదు, తాళం పగలలేదు. ఆ తాళం కొత్తది. డబ్బు తీసుకోకుండా వేసినది.

మరునాడు వదిన కొట్టు ముందుకు వచ్చింది. వెనక మరో నలుగురు నిలబడ్డారు. ఆమె అరవలేదు.

"ఈ రకం కప్పకి మూడు చెవులుంటాయట. బజారులో అడిగి వచ్చాను. మాకు రెండే ఇచ్చావు."

తాళాలాయన చేతిలోని ఆకురాయి బల్ల మీద పెట్టాడు. వెనక్కు తిరిగి పలక వంక చూశాడు. మూడో చెవి మేకుకే ఉన్నది. తీసి చూపించాడు.

"ఇదిగో వదినా! నమూనాకని ఎప్పుడో తగిలించాను. ఇక్కడే ఉంది, చూడు, ఎక్కడికీ పోలేదు."

"ఇక్కడ... రోజూ ఎవరొచ్చి కూర్చుంటారు?" అన్నది ఆమె.

అందరి కళ్ళూ హెడ్డు కూర్చునే స్టూలు మీదికి వెళ్ళాయి. మేకు ఆ స్టూలుకు చేయి చాచినంత దూరంలో ఉన్నది. మధ్యలో ఒక పూట ఆ మేకు ఖాళీగా ఉన్నదో లేదో తాళాలాయనకు తెలియదు. అతడు టీ కోసం లేచి వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. సంచి ఆ చెవి సాయంతో ముందే లోపలికి వెళ్ళిందో, సోదా నాడు పోలీసుల చేతుల్లోనే వెళ్ళిందో, ఆ సంగతి అతనికి ఆనాడూ తెలియదు, తరువాతా తెలియలేదు. ఆ క్షణంలో మాత్రం నిర్దోషినని నిరూపించుకోవాలన్న ఆత్రం అతని నోరు తెరిపించింది.

"నేను తియ్యలేదు వదినా, నా కూతురి మీద ఒట్టు! ఆ రోజు వాళ్ళు నన్ను మీ గుమ్మం దాకా లాక్కొచ్చినా తియ్యలేదు. కావాలనే లోపల కొక్కెం విరిచేశాను!"

సైకిళ్ళ దుకాణంలో తిరుగుతున్న చక్రం ఆగింది.

"ఏ రోజు?" అన్నది వదిన.

అతడు చేతిలోని చెవిని మళ్ళీ మేకుకు తగిలించబోయాడు.

"వాళ్ళు మా ఇంటికొచ్చారని నీకు ముందే తెలుసా? తెలిసే, ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని తాళం కోశావా?"

"సంచి చూశాను వదినా, కానీ..."

"సంచి కూడా చూశావు."

"పిల్ల చదువు పోతుందని..."

"ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఇంటికి మనిషిని కాపలా పెట్టుకునేవాడు. పోనీ, నలుగుర్నీ పిలిచి చాటేవాడు. నువ్వేమో తాళం ఇచ్చావు." ఆమె పలక మీది చెవుల వంక చూసింది. "తీసి ఉన్నా ఇంత బాధపడేదాన్ని కాను. భయపడ్డాడులే అనుకునేదాన్ని. నువ్వు మంచిపని చేశానని నిద్రపోయావు చూడు!"

ఆమె వెళ్ళిపోయింది. వెనక వచ్చిన నలుగురూ వెళ్ళిపోయారు. సైకిళ్ళ దుకాణదారు వచ్చి తన స్టూలు తాను తీసుకుపోయాడు.

ఇంట్లో కూతురు పుస్తకం మూసి అడిగింది.

"నాన్నా, నువ్వు తీశావా?"

"లేదమ్మా."

"మరి అన్నకి చెప్పావా?"

"లేదు."

"రెంటికీ లేదేనా!" అన్నది. పుస్తకాన్ని పక్కకు నెట్టి, "ఆ డబ్బు నాకొద్దు. చదువు మానేస్తాను" అన్నది.

తల్లి కుట్టుమిషను ఆపి లేచింది. "మానెయ్! మానేస్తే ఆయన జైల్లోంచి వచ్చేస్తాడా? మీ నాన్న కొట్టు ముందుకి జనం వచ్చేస్తారా? ఇన్ని పాట్లూ దేనికోసం పడ్డామో ఆ ఒక్కటీ కూడా పారేసుకుని, ఇక మనం దేన్ని చూసుకుని ఏడవాలే? నోరు మూసుకుని చదువు."

నోరు మూసుకోమన్న మాట తాళాలాయనకు ఎక్కడో విన్నట్టు తోచింది. అతడు గోడ వైపు తిరిగాడు.

రెండో ఏటి సాయం పంచే సభ స్టేషను ఆవరణలో జరిగింది. ఎస్సై కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, మర్యాదస్తుడు. హెడ్డు రాసిచ్చిన ప్రసంగాన్ని తడబడకుండా చదివాడు. పోలీసులూ ప్రజలూ ఒకే కుటుంబమన్నాడు. చదువు సాయం దానికి నిదర్శనమన్నాడు. అటుపిమ్మట కాగితం మీద మరో పేరా చూసి, తల ఎత్తి, చిరునవ్వుతో ఇలా అన్నాడు:

"ఇటీవల మిల్లు వ్యవహారంలో శాంతిభద్రతలు కాపాడడంలో మాకు ఎంతో సహకరించిన ఒక తండ్రి ఈ సభలోనే ఉన్నారు. మన తాళాలాయన. ఒక్కసారి లేచి నిలబడండి, అందరూ చప్పట్లు కొట్టాలి."

తాళాలాయన లేవలేదు. పక్కన నిలబడిన హెడ్డు అతని జబ్బ పట్టుకుని లేపాడు. "సిగ్గు పడతాడు సార్, మంచివాడు" అని నవ్వాడు. చప్పట్లు మోగాయి. గేటు అవతల రోడ్డు మీద నిలబడి చూస్తున్న వీధి జనం చప్పట్లు కొట్టలేదు. ఏదైనా అరవాలని తాళాలాయనకు అనిపించింది. ఏమని అరవాలి? కాదని అరిస్తే నమ్మేవారు లేరు. నమ్మగలిగినవారంతా వేదిక మీదే ఉన్నారు.

తరువాత అతని కూతుర్ని పిలిచారు. ఆమె నేర్పినట్టే నడిచి, నేర్పినట్టే నమస్కరించి, కవరు అందుకుని, ఫొటోకు నిలబడింది. దిగి వచ్చి తండ్రి పక్క ఖాళీ కుర్చీని దాటి, వెనక వరుసలో ఎవరో పరాయి పిల్లల మధ్య కూర్చున్నది. ఆ నెలలోనే హాస్టల్లో చేరింది. హాస్టలు ఖర్చు కూడా ఆ నిధి నుంచే వచ్చేది. సెలవులకు ఇంటికి వస్తే తల్లితోనే మాట్లాడేది, తండ్రి అడిగిన దానికి తల ఊపేది. ఆమెకు మార్కులు బాగా వచ్చేవి.

తాళాలాయన రోజూ కొట్టు తెరిచేవాడు. పక్క పేటల నుంచి, సంగతి తెలియని వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చేవారు. సొంత వీధివాళ్ళు తాళం పాడైతే బజారుకు వెళ్ళేవారు. కొందరు ఉన్న తాళాలనే మార్చుకున్నారు. అతడు అమ్మిన కప్పలు చెత్తకుండీలో కనిపించేవి. వాటిలో కొన్ని ఇంకా కొత్తవే.

ఒకనాటి ఉదయం ఇస్త్రీ పని చేసే ఆవిడ గుడ్డల మూట అందుకోవడానికి గుమ్మం దాటగానే గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. చెవి లోపల ఉన్నది. రాజేసిన ఇస్త్రీ పెట్టె ఎవరిదో దుప్పటి మీద ఉన్నది. కిటికీ సందుల్లోంచి పొగ రావడం మొదలైంది. ఆవిడ కేకలకు జనం చేరారు. తాళాలాయన సామాను సంచి తీసుకుని పరుగెత్తాడు. చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది.

"జరగండి, జరగండి! ఇప్పుడే తీసేస్తాను."

ఎవరూ జరగలేదు. ఇస్త్రీ ఆవిడ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. పొగకు దగ్గుతున్నది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"వద్దు" అన్నది.

"అమ్మా, కాలిపోతుందమ్మా!"

"కాలితే కాలనీ. నువ్వు మాత్రం ముట్టుకోవద్దు."

సైకిళ్ళ దుకాణదారు గునపంతో వచ్చాడు. తాళాలాయన భుజానికి తన భుజం తగలకుండా ఒదిగి ముందుకు వెళ్ళి, చెక్క చీలేదాకా పొడిచాడు. మంచి తలుపు. విరగడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా దుప్పటితో పాటు పక్కన పెట్టిన బట్టలన్నీ మాడిపోయాయి. నీళ్ళు చల్లి మంట ఆర్పారు. తాళాలాయన సంచి పట్టుకుని అంతా అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తరువాత చెప్పు వెతుక్కుని కొట్టుకు వెళ్ళి కూర్చున్నాడు.

వడ్రంగి సాయంత్రానికి గాని రాలేనన్నాడట. అంతవరకూ ఆ తలుపులేని గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు కాపలా కూర్చున్నారు. వీధికి రెండు వైపులా దారి ఉన్నా, వాళ్ళు చాప వేసుకున్నది అతని కొట్టు వైపు ముఖం పెట్టి.